దత్తు వెళ్లిన బిడ్డ, కన్నతల్లి చూపు

బిడ్డపై తల్లికి గల హక్కును చట్టము తీసివేయగలదు. ఎప్పుడు తీసివేయవలెనో, ఎట్లు తీసివేయవలెనో న్యాయవాదులు చెప్పగలరు; దానికి సెక్షనులున్నవి, పత్రములున్నవి, గడువులున్నవి. హక్కు పోయిన తరువాత ఒకనాడు ఆ తల్లి బిడ్డను చూడగోరి గుమ్మమున వచ్చి నిలిచినచో ఇంటివారేమి చేయవలెనను ప్రశ్నకు మాత్రము ఆ పత్రములలో సమాధానము లేదు. పొమ్మనుట న్యాయమా? రమ్మనుట క్షేమమా? సంతానము లేని దంపతులు శిశుగృహమునుండి బిడ్డను తెచ్చుకొనుట నేడు వింత గాదు. సంస్కారము గల కుటుంబములలో అది గౌరవముగనే ఎంచబడుచున్నది. అట్టి గృహములవారు మా చదువరులలో కొందరుందురు గనుక, వారు తమలో తాము అడుగుకొని పైకి చెప్పజాలని యీ ప్రశ్నను వారి యెదుట నుంచ సాహసించుచున్నాము.

మన పూర్వపు దత్తతలో ఈ ప్రశ్న ఈ రూపమున పుట్టలేదు. అక్కకు సంతానము లేనిచో చెల్లెలు తన బిడ్డను అక్క యొడిలో పెట్టెడిది. అన్నకు కొడుకులు లేనిచో తమ్ముని కొడుకు దత్తు పోయెడివాడు. దత్తు పోయిన కుమారుడు కన్నతండ్రి గోత్రమును, ధనమును కోరరాదనియు, కన్నవారికి పిండము పెట్టు బాధ్యతయు నంతటితో తీరుననియు మనుస్మృతి విధించినది. గోత్రము పోయినది, ధనము పోయినది, పిండము పోయినది. కన్నతల్లి వానిని కన్నెత్తి చూడరాదని మాత్రము ఏ స్మృతియు చెప్పినట్లు మేమెరుగము. ఆమె సంక్రాంతికి వచ్చెడిది, వడుగునకు వచ్చెడిది, ఇంట ఎవరికైన జ్వరము తగిలిన వచ్చెడిది. బిడ్డ ఆమెను 'పిన్నీ' యని పిలిచెడివాడు. ఆమె వానికి తలంటి, తన చెంగుతో తల తుడిచి, సాయంకాలము బండి యెక్కి పోయెడిది. ఇట్టి పిన్నులు లేని పల్లె మన దేశమున ఉండెనని మేమనుకొనము.

ఆ కాలమును పొగడుట మా యుద్దేశము గాదు. ఆ చూపులో ఒక అబద్ధము ఉండెను. ఇంటనున్న వారందరు నెరిగిన సంగతి బిడ్డ యొక్కడే యెరుగడు. వాని పెండ్లినాడు పెద్దలెవరో నోరు జారుదురు. లేదా దత్తత చెల్లునా చెల్లదా యని దాయాదులు వ్యాజ్యము వేసిననాడు ప్రతివాది వకీలు నోటినుండి తన పుట్టుక సంగతి వినును. దత్తత వ్యాజ్యములు ప్రీవీ కౌన్సిలు వరకు పోయిన కాలమది. ఇరువది యేండ్లు పిన్ని యనుకొన్న స్త్రీ కన్నతల్లి యని కోర్టు వరండాలో తెలిసిన యువకుని మనస్సెట్లుండునో ఆ తీర్పులలో వ్రాయలేదు. నేడు ఇందుకు విపరీతముగా ఉన్నది. దత్తత సంగతి చిన్ననాటనే బిడ్డకు తెలుపుడని సలహాదారులు చెప్పుచున్నారు, చదువుకొన్న తల్లిదండ్రులు తెలుపుచున్నారు. కాని ఆ కన్నతల్లి యెవరో, యెక్కడ నున్నదో చెప్పువారు లేరు. పూర్వము బిడ్డకు చూపు దొరకెను, నిజము దొరకలేదు. నేటి బిడ్డకు నిజములో సగము దొరకుచున్నది, చూపు లేదు.

రెండిండ్లను ఒక బిడ్డకు ఉంచుట మన శాస్త్రజ్ఞులకు ఊహ కందని సంగతి గాదు. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును 'వీడు మన యిరువురికిని కొడుకు' అని ఒప్పందము చేసికొన్నచో ఆ బాలుడు ద్వ్యాముష్యాయణుడు. ఇరువురి ఆస్తికిని హక్కుదారు, ఇరువురికిని పిండదాత. ఆ యేర్పాటు ముఖ్యముగా పితరుల కొరకును, పొలముల కొరకును పుట్టినది గాని బిడ్డ మనస్సును చూచి పుట్టినది గాదు. అయినను అది యుండెను. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టముతో దానికి తావు లేకపోయినది. ఆ చట్టము 12వ సెక్షను ప్రకారము దత్తత దినమునుండి పుట్టినింటితో బిడ్డకు గల సంబంధములన్నియు తెగినట్లు భావింపవలెను. అట్లని, ఆ సెక్షనే వెంటనే కొన్ని మినహాయింపులు చేసినది. పుట్టినింట నుండినచో ఎవ్వరిని వివాహమాడరాదో వారిని దత్తు వెళ్లిన తరువాతను వివాహమాడరాదు. దత్తతకు పూర్వమే బిడ్డకు సంక్రమించిన ఆస్తి బిడ్డదిగనే యుండును. చట్టము రక్తమును మరువలేదు, ఆస్తిని మరువలేదు. శాసనములు చేయువారికి పొలములు జ్ఞాపకముండుట వింత గాదు గదా!

శిశుగృహమునుండి తెచ్చుకొను బిడ్డకు వర్తించునది 2015 నాటి బాలన్యాయ చట్టము. తమ శక్తికి మించిన శారీరక, మానసిక, సాంఘిక కారణములచేత బిడ్డను పెంచలేని తల్లిదండ్రులు బాలల సంక్షేమ కమిటీ యెదుట బిడ్డను అప్పగింపవచ్చును. కమిటీవారు విచారించి, నచ్చజెప్పి, అప్పటికిని వారి నిశ్చయము మారనిచో పత్రము వ్రాయింతురు. పునరాలోచనకు రెండు నెలలు గడువు. అది దాటిన పిమ్మట బిడ్డ దత్తతకు అర్హుడని ప్రకటింతురు; 2021 నాటి సవరణ తరువాత దత్తత ఉత్తరువు నిచ్చువాడు జిల్లా మేజిస్ట్రేటు. రెండు నెలలనగా అరువది దినములు. పురిటి బడలిక తీరుటకే అవి చాలవు. పెండ్లి గాక తల్లియైన పదునెనిమిదేండ్ల పిల్ల, ఇంటివారి కోపము చల్లారకమునుపే, జీవితమునకంతటికిని సరిపడు నిశ్చయమును ఆ యరువది దినములలో చేయవలెను.

అటుపిమ్మట ఆమెకు దారి లేదు. బిడ్డకు ఒక సన్నని దారి కలదు. పదునెనిమిది యేండ్లు నిండిన తరువాత తన మూలమును వెదకుటకు బిడ్డ తానుగా దరఖాస్తు పెట్టుకొనవచ్చును. అంతకు మునుపు పెంచిన తల్లిదండ్రులతో కలిసియే పెట్టవలెను. ఆ వెదకుటలో కన్నవారి గోప్యమునకు భంగము రాగూడదని నియమము. అప్పగించునాడే తన పేరు దాచుడని తల్లి కోరినచో, ఆమె సమ్మతి లేనిది జాడ చెప్పరు. ఇది ధర్మమే. కాని 'నేనొకనాడు నా బిడ్డకు కనబడగోరుచున్నాను' అని చెప్పగోరు తల్లి యుండవచ్చుననియు, ఆ మాటయు వ్రాసికొని దాచవలసినదే యనియు నియమములు చేసినవారికి తోచినట్లు లేదు.

ఈ రహస్యమునకు కారణములు తేలికయైనవి గావు. అవివాహిత తల్లికి ఊరిలో తలయెత్తుకొని తిరుగు అవకాశము దానివలననే మిగులుచున్నది. బిడ్డను అడ్డము పెట్టుకొని పెంచినవారినుండి డబ్బు గుంజువారు లేరని మేమనజాలము. అన్నిటికంటె ముఖ్యముగా, కొట్టిన తండ్రి, కాల్చిన సవతితల్లి, అమ్మజూచిన మేనమామ మొదలైనవారి చేతులలోనుండి విడిపించి తెచ్చిన బిడ్డలును ఆ గృహములలో గలరు. అట్టివారిని మరల ఆ ముఖములకు చూపుట దయ యనిపించుకొనదు. మా వాదము వారిని గూర్చి గాదు.

మేము చెప్పదలచినది వేరు. హక్కు పోవుట యనగా నేమి? బిడ్డ ఎక్కడ నుండవలెను, ఏ బడికి పోవలెను, ఏ మందు తీసికొనవలెను, ఎవరి ఇంటిపేరు పెట్టుకొనవలెను అని నిర్ణయించు అధికారము పోవుట. అధికారము ఒకరినుండి యింకొకరికి బదిలీ యగును. చూపు అధికారము గాదు. అది తల్లి చేతిలోనుండి తీసి యింకొకరికి ఇచ్చుటకు వీలైనది గాదు. అందులో తల్లికి భాగముండినచో బిడ్డకును భాగమున్నది. తల్లి తన భాగమును పోగొట్టుకొన్నంత మాత్రమున బిడ్డ భాగము కూడ పోయినదని ఎవరు తీర్పు చెప్పిరి? బిడ్డ ఏ పత్రముమీద వ్రేలిముద్ర వేసెను?

దంపతులు విడిపోయిన కేసులలో మన న్యాయస్థానములు ఈ సంగతిని గ్రహించినవి. బిడ్డ ఒకరియొద్ద నుండినను రెండవవారితో ఎడబాటు కలుగరాదనియు, దూరమున నున్నవారు టెలిఫోనులోను వీడియోలోను మాటలాడుట కూడ బిడ్డకు కావలసినదే యనియు సుప్రీంకోర్టు 2020లో చెప్పినది. బిడ్డకు వయస్సు వచ్చి తెలివితో కోరగలిగినచో ఆ కోరికను విచారింపవచ్చునని 1890 నాటి గార్డియన్ల చట్టమే చెప్పుచున్నది. విడాకుల ద్వారమువరకు వచ్చిన యీ విచారణ దత్తత ద్వారమున ఆగిపోయినది. విడిపోయిన తండ్రి ముఖము బిడ్డకు అవసరమైనప్పుడు అప్పగించిన తల్లి ముఖము అనవసరమగుటకు హేతువు మాకు కానరాలేదు.

ఇతర దేశములలో దీనిపై పోరాటములు జరిగినవి. నార్వేలో జరిగినదానిని కొంచెము వివరముగా చెప్పెదము. సొమాలియానుండి పారివచ్చిన ఒక యువతి 2010లో బిడ్డతో నార్వే చేరెను. ఆమె ముస్లిము, పసివానిని ప్రభుత్వమువారు తీసికొని ఒక క్రైస్తవ కుటుంబమున పెంపునకు ఉంచిరి. ఏండ్లు గడచినవి, బాలుడు ఆ యింట నాటుకొనెను. దత్తతకు అనుమతి యిచ్చు సమయము వచ్చునప్పటికి ఆ తల్లి బిడ్డను మరల ఇమ్మని అడుగలేదు. వాడు అచ్చటివాడైనాడని ఒప్పుకొనెను. తన మతమును, తన జాతిని బిడ్డ బొత్తిగా మరువకుండ చూచుటకు వీలు మాత్రము ఉంచుడని కోరెను. దత్తత తరువాత కూడ కన్నవారు చూచుటకు వీలు కల్పించు నిబంధన ఆ దేశపు చట్టమున 2010నుండియు కలదు, అయితే దత్తు తీసికొనువారు ఒప్పుకొనవలెను. ఈ కేసులో దత్తతకే అనుమతి వచ్చినది. ఆమె యూరపు మానవహక్కుల న్యాయస్థానమునకు పోయెను. 2021 డిసెంబరులో ఆ న్యాయస్థానపు విస్తృత పీఠము ఆమెకు అన్యాయము జరిగెనని, కుటుంబ జీవనమునకు గల హక్కు ఉల్లంఘింపబడెనని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. అప్పటికి ఆ బాలునికి పండ్రెండేండ్లు.

ఆ తల్లి కోరికలోని మితమును మా చదువరులు గమనింపగోరుచున్నాము. ఇమ్మనలేదు, చూడనిమ్మన్నది. మొదటిది హక్కు మాట, రెండవది సంబంధము మాట. ఈ రెంటికిని భేదము ఆమెకు తెలిసినంత స్పష్టముగా అధికారులకు తెలియలేదు. ఇంగ్లండులో 2014నుండి దత్తత తరువాత కలిసికొనుటకు కోర్టు ఉత్తరువు నీయవచ్చును. కన్నవారు ముందు కోర్టు అనుమతి పొందవలెను. అచ్చట ఎక్కువగా జరుగునది ఏజెన్సీ ద్వారా ఏడాదికొక యుత్తరము. అమెరికాలో చాల రాష్ట్రములు ఇట్టి ఒప్పందములను గుర్తించుచున్నవి, వానిని ఎవరు తప్పినను దత్తత మాత్రము చెడదు. ఆ చివరి నియమమున తెలివి యున్నది. పెంచినవారి గుండె నిబ్బరమునకు అదియే ఆధారము.

చూపు లేకుండుటవలన మోసమునకు కూడ మేలగును. 1999లోను, 2001లోను నాటి ఆంధ్రప్రదేశమున లంబాడా తండాల శిశువులను కొద్ది పైకమునకు సేకరించి విదేశ దత్తతలకు పంపిన వ్యవహారములు బయటపడినవి. అంతకు కొంచెము ముందు, 1998లో, మన రాష్ట్రమునుండి అమెరికాలోని యొక న్యాయశాస్త్రోపాధ్యాయుని యింటికి ఇద్దరు అక్కచెల్లెండ్రు దత్తు వెళ్లిరి. తమ తల్లి తమ్ము విడువలేదని వారు అక్కడ చెప్పిరి. పెంచినవారు ఆ మాట విని, ఏండ్లతరబడి వెదకి, తుదకు తల్లి జాడ తెలిసికొనిరి. బిడ్డలు తల్లిని చూచిరి. ఆ యుపాధ్యాయుడు ఆ పిమ్మట ఇట్టి దత్తతలపై వ్యాసములు వ్రాసెను. ఏడాదికొక మారు తల్లి చూడవచ్చునను నియమముండినచో ఆ ఘోరము మొదటి యేటనే బయటపడియుండెడిది. ద్వారము మూసియున్న యింట దొంగ యున్నను తెలియదు.

ఇక పెంచినతల్లి మాట. నిజమునకు ఈ ప్రశ్నలోని కష్టమంతయు ఆమెదే. ఆమె భయమును స్వార్థమని త్రోసివేయువారితో మేమేకీభవింపము. రాత్రులు మేలుకొన్నది ఆమె, టీకాలు వేయించినది ఆమె, బడిలో మొదటి దినమున బిడ్డ ఏడ్చినప్పుడు గోడవెలుపల నిలిచి తానును ఏడ్చినది ఆమె. ఒక స్త్రీ వచ్చి 'నేను కన్నాను' అన్నంతనే బిడ్డ చూపు అటు తిరుగునేమో యని ఆమె వణకుట సహజము. 2021లో జరిగిన సంగతి మన పత్రికలు చదివినవారికి జ్ఞాపకముండును. కేరళలో ఒక తల్లి తన సమ్మతి లేకయే తన శిశువును దత్తతకు ఇచ్చిరని పోరాడగా, ఆ శిశువు మన ఆంధ్రప్రదేశపు దంపతులయొద్ద పెరుగుచున్నట్లు తేలినది. దత్తత ఇంకను పూర్తికాలేదు. అధికారులు వచ్చి బిడ్డను తీసికొనిపోయిరి; నవంబరులో కోర్టు కన్నతల్లికి అప్పగించినది. ఆ తల్లికి న్యాయము జరిగినది. సందేహము లేదు. ఈ దంపతుల సంగతి? వారు ఏ నేరమును చేయలేదు. చట్టము చెప్పినట్లే వరుసలో నిలిచి, చట్టము చూపిన బిడ్డను ఎత్తుకొనిరి. ఆ శిశువు కొన్ని నెలలు వారి ముఖములనే ఎరుగును. మరల ఒకసారి చూచుటకు వారికి హక్కు ఏమున్నది? ఏమియు లేదు.

మేమీ ఉదాహరణమును తెచ్చుట కన్నతల్లి పక్షమున గాని పెంచినతల్లి పక్షమున గాని వాదించుటకు గాదు. హక్కు లేకపోయిన దినమున ప్రేమ యెట్టి దిక్కులేనిదగునో ఈ దంపతులు ఎరుగుదురు. కన్నతల్లి యెరిగినది కూడ అదియే. ఇరువురును ఒకే చోట నిలిచియున్నారు, చట్టము ఒకమారు వీరివైపు, ఒకమారు వారివైపు తిరుగుచున్నది. శిశుగృహమునుండి బిడ్డను తెచ్చుకొన్న తల్లి ఈ దంపతుల దుఃఖమును తలచుకొన్నచో, తన బిడ్డను కన్న స్త్రీ దుఃఖము ఆమెకు పరాయిది గాదు.

బిడ్డ చూడనొల్లనిచో? అప్పుడు చూపరాదు. ఐతరేయ బ్రాహ్మణములోని శునశ్శేపుని కథ మన పండితులకు పరిచితమే. హరిశ్చంద్రుని కొడుకునకు బదులుగా యజ్ఞపశువును చేయుటకు అజీగర్తుడను పేదబ్రాహ్మణుడు నూరావులకు తన కొడుకు నమ్మెను. తండ్రి పెద్దవానిని పట్టుకొనెను, తల్లి చిన్నవానిని పట్టుకొనెను, నడిమివాడు మిగిలెను. ఇంకొక నూరావులకు తండ్రియే వానిని స్తంభమునకు కట్టెను, మరి నూరావులకు కత్తి నూరెను. దేవతలను స్తుతించి బాలుడు బయటపడి విశ్వామిత్రుని తొడపై కూర్చుండెను. అప్పుడు తండ్రి పశ్చాత్తాపపడి వచ్చి, రమ్మని పిలిచెను. ఒకసారి అట్టి పాపము చేసినవాడు మరల చేయగలడని చెప్పి బాలుడు పోలేదు. విశ్వామిత్రుని కుమారుడై దేవరాతుడను పేర నిలిచెను. ఇక్కడ మాకు ముఖ్యమైనది ఆ నిరాకరణము గాదు. అజీగర్తునికి సమాధానము చెప్పినవాడు బాలుడు. ఋషి మాటలాడెను, దేవతలు చూచుచుండిరి, అయినను పోవుటయో మానుటయో అడుగవలసినది వానినే యని ఆ కథ చెప్పినవానికి తెలిసియుండెను. నేటి బిడ్డలను ఆ ప్రశ్న అడుగుటకు పదునెనిమిదేండ్లు ఆగుమనుచున్నాము.

మేము కోరునది పెద్ద మార్పు గాదు. శిశువుగా వచ్చిన బిడ్డ విషయమున ఏజెన్సీ ద్వారా ఏడాదికొక యుత్తరము, ఒక ఫొటో. పేర్లు, చిరునామాలు లేకుండనే. ఆరేడేండ్ల వయస్సున వచ్చిన బిడ్డ సంగతి వేరు. వానికి జ్ఞాపకములున్నవి, వెనుక ఒక అమ్మమ్మయో, తోడబుట్టిన చెల్లెలో ఉండును. తల్లి హక్కు తెగిననాడు ఆ ముసలిది ఏ తప్పు చేసినదని ఆమె చూపును కూడ కోసివేయవలెను? అట్టివారిని మధ్యవర్తుల సమక్షమున కొన్ని మారులైన కలిసికొననిచ్చుట మేలు. హాని జరిగినచోట ఇవేవియు వలదు. హాని జరిగినదో లేదో నిర్ణయించువారు పేదరికమును హానిగా వ్రాయకుందురుగాక. ఇదంతయు చట్టములోనికి వచ్చుటకు ఎన్ని యేండ్లు పట్టునో. కాని పెంచినవారు తమంతట తాము కోరి శిశుగృహమున ఒక కవరు ఉంచుటకు సిద్ధపడినచో, తక్కిన పని నెమ్మదిగా జరుగును.

ఆ కవరులోనికి ఫొటో కావలెను గదా. ఆ దినమున బిడ్డకు నీళ్లు పోసి, తల దువ్వి, పండుగకు కుట్టించిన చొక్కా తొడిగి, 'కదలకురా, కెమెరావంక చూడు' అని చెప్పవలసినది పెంచినతల్లియే.